కలిసిపోయిన ఊలు

శుక్రవారం, రాత్రి

పోయిన నా బిడ్డ లత సగం అల్లిన స్వెటర్‌లోని ఊలుకు సరిపడే రంగు ఈరోజు కుదిరింది. సూర్యాపేటలో తెచ్చిన తెల్ల ఊలును ఉల్లిపొట్టు నీళ్లలో మళ్లీ ఉడికించాను. తడిమీద ఎప్పుడూ సరిపోతుంది, ఆరాకే తేలిపోతుంది. ఈసారి పటిక వేశాను, నిలిచింది. కొన్ని వరుసలు అల్లాను.

"ఏందక్కా, నీ బిడ్డ అల్లిందేదో నువ్వు అల్లిందేదో దేవుడు గూడ గుర్తువట్టడు!" అని పక్కింటి యాదమ్మ నవ్వింది.

నేను కోరిందదే కదా, మరి ఆ మాట ఎందుకు నచ్చలేదు?

లత కూతురు దాన్ని ఒంటికి ఆనించుకుని, "అమ్మమ్మా, ఇదంత అమ్మ అల్లిందే గదా?" అంది. నేను స్వెటర్‌ను చేతిలోకి తీసుకున్నాను.

లోపలివైపు తిప్పితే, తన ఊలు పోగునూ నా పోగునూ కలిపిన ముడి వేలికి తగిలింది. దాచెయ్యకపోతే పిల్లకు గుచ్చుకుంటుంది. దాచేస్తే నా బిడ్డ ఆపిన చోటు నాకే దొరకదు. సూది చేతిలోనే ఉంది. ఏం చెయ్యమంటవే లతా...