అత్తమ్మ స్నానాలగదికి టేకు చెక్కలు

అక్కా,

జనగామ నుంచి నీ చెల్లెలు సునీత దండం పెట్టి రాస్తున్న మాటలు. మేమంతా ఇక్కడ బాగున్నాం. గార్లలో నువ్వు, బావ, పిల్లలు క్షేమంగా ఉన్నారనుకుంటున్నాను. బావ దగ్గు తగ్గిందా? ఫోన్ చేస్తే, నీ బట్టల దుకాణానికి ఎవరో ఒకరు రాగానే "జర ఆగు చెల్లె" అని పెట్టేస్తావు. ఈసారి చెప్పాల్సింది చాలా ఉంది. అందుకే కాగితం పట్టుకున్నాను. తీరికగా చదువు.

మీ మరిది పత్తి మిల్లు పనికి అలవాటు పడ్డారు. వానలు బాగానే పడుతున్నాయి. కూరగాయలు మన దగ్గరికన్నా తాజాగా దొరుకుతున్నాయి, చింతకాయ తొక్కు మాత్రం నువ్వు పెట్టిన రుచి ఎక్కడా లేదు. వచ్చిన కొత్తలో పగలంతా రైళ్ల చప్పుడు వింటూ ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. ఇప్పుడు అంత దిగులు లేదు. నా గురించి బెంగ పెట్టుకోకు.

అత్తమ్మ పడిన సంగతి నీకు తెలుసు కదా. మేం కొనుక్కున్న ఈ ఇంటి పాత యజమాని స్నానాలగదిలో అద్దంలా మెరిసే టైల్స్ వేయించాడు. సబ్బు నీళ్ల మీద కాలు జారి అత్తమ్మ మణికట్టు విరిగింది. దవాఖానలో కట్టు కట్టారు, ఎముక అతికింది. భయం మాత్రం పోలేదు. ఆ గదిలో అడుగు పెట్టనని మొండికేసింది. వెనక వరండాలో కుర్చీ వేసి, చీర అడ్డం కట్టి, తడిగుడ్డతో నేనే ఒళ్లు తుడిచేదాన్ని. అంతసేపూ మొహం గోడవైపు తిప్పుకునేది. ఎప్పుడూ ఒకరితో పని చేయించుకున్న మనిషి కాదు. పక్కింటి అరుగు మీదికి పోయి కూర్చోవడం కూడా మానేసింది.

ఒకరోజు అలా తుడుస్తుంటే తన పుట్టింటి సంగతి ఎత్తింది. భూపాలపల్లి దగ్గర అడవి అంచున వాళ్ల ఊరు. అక్కడ పెరట్లో టేకు పలక మీద నిలబడి నీళ్లు పోసుకునేవారట.

"కట్టె మీద కాలు పట్టుకుంటది బిడ్డా. ఈ టైల్స్ మీద నా కాలు నాది గానట్టే ఉంటది" అంది.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. మీ మరిదికి చెబితే నీళ్లలో చెక్క వేస్తే కుళ్లిపోదా అన్నారు. అయినా ఇద్దరం దుకాణానికి పోయాం. చెక్క గీతలు అచ్చు వేసిన పలకలు చూపించారు. చూడ్డానికి చాలా బాగున్నాయి. రెండు ముక్కలు అడిగి తెచ్చి బకెట్ నీళ్లలో వేస్తే అంచులు అటుకుల్లా ఉబ్బాయి. రంపపు పొట్టును అదిమి చేసినవట అవి. వాటితోపాటు తెచ్చిన, చెక్కలా కనిపించే ప్లాస్టిక్ ముక్కలు ఉబ్బలేదు, కానీ తడి ముక్క మీద అరికాలు పెట్టి చూసిన అత్తమ్మ జారుతోందని వెంటనే తీసేసింది.

అప్పుడు అత్తమ్మ తమ్ముడు గుర్తొచ్చాడు. ఆయన పాత ఇల్లు విప్పించినప్పటి టేకు దూలాలు కొట్టంలో పడి ఉన్నాయి. అక్క కోసమని అడగగానే సంతోషంగా ఇచ్చాడు. అటవీ అధికారుల దగ్గర అనుమతి తీసుకుని వ్యాన్‌లో తెచ్చుకున్నాం. ముందు మేస్త్రీతో నీళ్లు ఇంకకుండా నేల సరిచేయించి, నీళ్లు బయటికి పోయే మోరీ వైపు వాటం పెట్టించాం. తర్వాత రాజయ్య అనే వడ్లాయన దూలాలు కోసి సన్నటి బద్దలు తీశాడు. నీళ్లు కిందికి దిగేలా బద్దకీ బద్దకీ మధ్య సందు వదిలి, తుప్పు పట్టని స్టీలు స్క్రూలతో చట్రాలు బిగించాడు. ఎత్తి ఆరబెట్టుకోవడానికి వీలుగా చిన్నవే చేశాడు. నూనె పట్టించినప్పుడు, మళ్లీ జారుతుందేమోనని అత్తమ్మ అడిగింది. మిగిలిన జిడ్డంతా తుడిచి, ఎండబెట్టి, పైన సన్నటి గాట్లు కూడా పెట్టాడు.

అంతా అయిందనుకున్నాం. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి అడుగేసింది. ఒక చట్రం టక్కున ఊగింది. ఆమె చటుక్కున కాలు వెనక్కి తీసుకుంది. బయటికొచ్చి మంచం మీద కూర్చుని, "నా కోసం ఇంత చేసిన్రు. నాతోని కాదు బిడ్డా" అంది. వంటింట్లోకి పోయి ఏడ్చాను అక్కా. ఆమె మీద కోపం కాదు, నా ప్రయత్నమంతా పోయిందే అని.

రాజయ్య మర్నాడే వచ్చి, నేల కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నచోట చట్రాల కింద రబ్బరు ముక్కలు పెట్టాడు. గోడకు స్టీలు పిడి కూడా బిగించాడు. కానీ అత్తమ్మకు నమ్మకం ఎవరు బిగిస్తారు? నేనొక పని చేశాను. గుమ్మం దగ్గర ఆమెకు కుర్చీ వేసి, రోజూ ఆ చెక్కల మీదే నిలబడి సబ్బు పెట్టి బట్టలు ఉతికాను. నా పాదాలనే చూస్తూ కూర్చునేది. కొన్నాళ్లకు కుర్చీలోంచే ఒక కాలు చాపి చెక్క మీద ఆనించింది. ఇంకొన్నాళ్లకు పిడి పట్టుకుని నిలబడింది. ఒక పొద్దున వేడినీళ్లు పెట్టమంది. నేను బకెట్ దించగానే, "ఇగ నువ్వు పో. తలుపు నేను దగ్గరికేసుకుంట" అంది.

బయట తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాను. చెంబు చప్పుడు వినిపించింది, మళ్లీ వినిపించింది. చాలాసేపటికి తడి జుట్టుతో, ఉతికిన చీర తనే కట్టుకుని బయటికొచ్చింది. నావైపు చూసి నవ్వి, తిన్నగా పక్కింటి అరుగు మీదికి పోయి కూర్చుంది.

మీ ఇంట్లో కూడా వేయించాలనుకుంటే విను, వేసి వదిలేస్తే నిలవదు. స్నానాలయ్యాక నీళ్లు తుడిచి కిటికీ తెరిచి పెడతాను. సబ్బు జిగురు పేరుకోకుండా మెత్తటి బ్రష్‌తో రుద్దుతాను. యాసిడ్ దగ్గరికి రానివ్వను. అప్పుడప్పుడు చట్రాలెత్తి కింద కడిగి, నీడలో ఆరబెట్టి, వానలకు ముందు నూనె పట్టిస్తే చాలని రాజయ్య చెప్పాడు.

నీ దుకాణంలో పెద్ద తువ్వాళ్లుంటే రెండు, చింతకాయ తొక్కు ఒక సీసా ఇటు వచ్చేవాళ్లతో పంపు. అవ్వకు, బాపుకు నా దండాలు చెప్పు. బావకు నమస్కారం, పిల్లలకు ముద్దులు. పెద్దదానివి, మమ్మల్ని చల్లగా ఉండమని దీవించు.

ఇంకా రాద్దామంటే మీ మరిది గోల. మిల్లుకు ఆలస్యమవుతోందని స్నానాలగది తలుపు కొడుతున్నారు. లోపల అత్తమ్మ నీళ్ల చప్పుడు ఆగడమే లేదు.

నీ చెల్లె,
సునీత