తవిటమ్మకు పాలసీసా

రత్నం,

ఈరోజు ఊళ్ళో మీ ఆయన నీకు నెలమాసికం పెడుతుంటే, నేనిక్కడ విజయనగరం ఆస్పత్రిలో నీ కూతురికి సీసాపాలు తాగడం నేర్పుతున్నాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల కదా, ఇన్నాళ్ళూ ఫిల్లరుతో చుక్కలే పోశాం.

అమ్మ దాన్ని చేటెడు తవుడికి ఆయాకు అమ్మి, మళ్ళీ చేతుల్లోకి తీసుకుని, తవిటమ్మ అని పేరు పెట్టింది. అలా అమ్ముడుపోయిన బిడ్డ జోలికి చావు రాదట.

"రెండు గుక్కలకోసారి సీసా తియ్యమ్మా. లేపోతే ఊపిరి తియ్యడం మరిసిపోతాది" అని నర్సమ్మ ముందే చెప్పింది. తీయబోతే పిల్ల వదల్లేదు, బోసి చిగుళ్ళతో పట్టేసుకుంది. అంతలోనే పెదాలు నీలం తిరిగాయి. అరికాలు గిల్లినా కదల్లేదు. భయంతో "ఒసే రత్నం!" అని అరిచాను.

ఒక్కసారిగా ఊపిరి పీల్చి కళ్ళు తెరిచింది. నన్ను చూడలేదు, నా భుజం వెనక్కి చూసింది.

అమ్మ నా నోరు మూసేసింది. "దాన్ని పిలవకే. పిలిస్తే వచ్చేస్తాది. వస్తే ఒట్టిసేతుల్తో ఎల్తాదేటి?"

మళ్ళీ పాలవేళయింది. పిల్ల నీలం తిరిగితే నా నోటికి నీ పేరే వస్తుంది. ఎంత పిలిచినా నువ్వు మాత్రం రాకమ్మా.

అక్క