ప్రమోషన్ వద్దని రాసిచ్చాను

డుంబ్రిగుడ,
9-3-1999

తమ్ముడు ప్రభుదాసుకు,

నేను కులాసాగా ఉన్నాను, కంగారుపడకు. హెడ్మిస్ట్రెస్ ప్రమోషన్ వద్దని రాసిచ్చేశాను. ఒప్పుకోవని తెలిసే ముందుగా నిన్ను అడగలేదు.

సంత రోజు పిల్లలు బడికి రారు. అందుకని సంతలోనే, వాళ్ల తల్లుల చింతపండు బుట్టల పక్కన, ఒకటో తరగతి పెడతాను. మొన్న ఆఫీసరు ఆర్డరు పట్టుకుని అక్కడికే వచ్చారు. "కొండ దిగితే పెద్ద బడి, కుర్చీ, ఫ్యాను. ఈ మట్టిలో ఏటమ్మా ఇది?" అని నవ్వారు. నేను జవాబు చెప్పేలోగా, చింతపండు తూస్తున్న సొంబారి, నా దగ్గర చదివే పిల్ల తల్లి, తక్కెడ దించేసి లేచింది. "మా గుంటకి గుణింతాలు రాకుండా టీచరమ్మని ఎలాగట్టుకుపోతావు బాబూ?" అంది. ఆయన పెన్నే అడిగి, అక్కడే వద్దని రాసి సంతకం పెట్టాను.

ఎదుగూ బొదుగూ లేని బతుకన్నావు. ఈ బతుకు నాకు చాలు. నీకు నామోషీ అయితే మీ కాలనీలో నేను నీ అక్కనని చెప్పుకోకు.

మరదలు క్యాథరిన్ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఇటు వచ్చేవాళ్ల చేత రెండు పెట్టెల బలపాలు పంపు. పిల్లలకు నా దీవెనలు. రోజూ మీ అందరి కోసం ప్రార్థిస్తున్నాను. నా మనసు మార్చమని మాత్రం నువ్వు ప్రార్థించకు.

నీ పెద్దక్క,
సారమ్మ