నల్లబడిన సీసా

పాలకాయతిప్ప

ప్రభావతి మేడం గారికి కొండలరావు నమస్కారాలు.

మీరు బందరు నుంచి వచ్చి, సైన్సు గురించి చక్కగా చెప్పి, మా బోరుపంపు నీళ్ళు పరీక్ష మందున్న సీసాలో పోయించి వెళ్ళారు. మురికి క్రిములుంటే నల్లబడుతుందన్నారు. రెండోరోజుకే కాటుకలా అయిందండీ! మరుగుదొడ్డి గొయ్యి పంపు పక్కనే ఉందని నాంచారయ్య ఇంటిమీదికి వెళ్ళారు జనం. ఇప్పుడు వాళ్ళతో ఎవరూ మాట్లాడ్డం లేదు. మా కోడలు సాయిదుర్గకి ఏడో నెల. ఏం చెయ్యాలో కాగితం మీద రాయండి. ఫోన్లో చెబితే ఇక్కడ ఒక్కొక్కరికి ఒక్కోలా వినబడుతోంది.

ఇట్లు, కంగారుతో,
కొండలరావు

బందరు

కొండలరావు గారికి,

ఒక్క సీసా చూసి ఎవర్నీ తప్పుపట్టకండి. ఇంకో మూడు సీసాలు బస్సులో పంపుతున్నాను. రెండిట్లో పంపు నీళ్ళు, మూడోదాంట్లో కాచి చల్లార్చిన నీళ్ళు పోయండి. అప్పటిదాకా నీళ్ళు కాచి తాగండి.

ప్రభావతి

పాలకాయతిప్ప

మేడం గారూ, కొంప మునిగింది!

మూడూ నల్లబడ్డాయి. కాచిన నీళ్ళు కూడా! కాచినా చావని క్రిములట, ఊరంతా ఒకటే ఏడుపు. నాంచారయ్య గుమ్మం దాటి బయటికి రావడం లేదు.

కొండలరావు

తా.క. మా ఆవిడ సుబ్బాయమ్మ స్నానం కూడా మానేసింది. త్వరగా జవాబివ్వండి.

బందరు

కొండలరావు గారికి,

కాచిన నీళ్ళూ నల్లబడ్డాయంటే చెడ్డవి నా సీసాలే. సరిగా ఉడికించకుండా మందు నింపాను. తప్పు నాది. ఆదివారం వచ్చి నాంచారయ్య గారి ముందు, అందరి ముందు ఆ మాట చెబుతాను. కొత్త సీసాలు తెస్తాను. వాటిలో ఏం తేలుతుందో మాత్రం నాకూ తెలియదు.

ప్రభావతి

తా.క. జనం మరీ కోపంగా ఉంటే ముందే చెప్పండి. రావడం మానను, హెల్మెట్ తియ్యకుండా మాట్లాడతాను.

పాలకాయతిప్ప

మేడం గారికి కొండలరావు నమస్కారాలు.

మా ఊరొచ్చి, పొరపాటు నాదేనని ఒప్పుకున్న మనిషిని మిమ్మల్నే చూశాం. అందుకే కొత్త సీసాల్లో కాచిన నీళ్ళు తేటగా ఉండి, పంపు నీళ్ళు నల్లబడితే అందరూ నమ్మారు. మళ్ళీ నాంచారయ్య వైపే చూశారు.

"మురికుందని సీసా చెబుతుంది. ఎవరిదో చెబుతుందా?" అన్నాడాయన. తన గోతిలో బట్టల నీలిమందు డబ్బాలకు డబ్బాలు పోశాడు. వారం చూశాం, పంపులో రంగు రాలేదు. అప్పుడు పంపు గట్టు పగిలినచోట, చేపలు కడిగే దగ్గర పోశాడు. గంటలో నీలం నీళ్ళొచ్చాయి!

అక్కడ రోజూ చేపలు కడిగేది మా సుబ్బాయమ్మేనండీ.

గట్టుకి సిమెంటు చేయిస్తున్నాం. మీరు మళ్ళీ పరీక్ష చేసేదాకా కాచే తాగుతాం.

మీ కొండలరావు

తా.క. ఆవిడ ముందు ఒప్పుకోలేదు. పంపు తేటపడ్డాక అక్కడే ఇంకో రెండుసార్లు నీలిమందు పోయించింది. రెండుసార్లూ నీలమే. నిన్న తనే వెళ్ళి, "నావల్లే అన్నయ్యా, మనసులో పెట్టుకోకు" అంది. మా పెళ్ళయి ముప్పై రెండేళ్ళు. ఆ మాట నా చెవిన ఒక్కసారీ పడలేదు. మీ సైన్సు చాలా గట్టిదండీ.