సాయిశ్రీ పెండ్లి మట్టెలు

కరీంనగర్, ఆదివారం

చిరంజీవి మహిపాల్‌కు అమ్మ దీవెనలు. యాత్ర బస్సువాళ్ళు ఫోను చేసి కంగారు పెట్టి ఉంటారు. నేను తప్పిపోలేదు, కాళేశ్వరం చూసి వస్తూ కావాలనే ఇక్కడ దిగాను.

కొత్తవాళ్ళకు వెండి నగలు చేయడం నేర్పే ఒక్కరోజు తరగతిలో చేరి, నా మనుమరాలి పెండ్లి మట్టెలు నేనే చేశాను. ఎందుకో నీకు తెలుసు. "మొగుడు పోయినదానివి, పెండ్లి మట్టెలు నువ్వు ముట్టుడేంది వదినా?" అని మీ మేనత్త గౌరవ్వ నలుగురిలో అన్నప్పుడు నువ్వు తల వంచుకుని కూర్చున్నావు.

మొదటి మట్టెకు ఉత్సాహం కొద్దీ రెండు కొసలూ కలిపి అతికేశాను. నేను రిటైరైన టీచరునని తెలిసినా, నేర్పే రాజేశం ఒకటే నవ్వు. "గిదేంది టీచరవ్వా, మూతి మూసినవ్! పిల్ల వేలికి ఎట్ల ఎక్కుతది?" కోసి మళ్ళీ చేశాను. రెండూ ఒకే తూకం వచ్చేదాకా అరగదీశాను.

కామారెడ్డి దుకాణంలో చేయమన్న మట్టెలు వద్దని చెప్పు. ఎల్లారెడ్డిలో మన ఇంట్లో మిరపకాయలు ఎండకు పెట్టారా? కోడలిని బీపీ గోళీలు మానవద్దను. సాయిశ్రీకి నా ఆశీస్సులు.

పెండ్లినాడు మట్టెల పళ్ళెం పెండ్లికొడుక్కు నేనే అందిస్తాను. ఫోనులో చెబితే నువ్వొక్కడివే విని ఊరుకుంటావని పోస్టుకార్డు రాస్తున్నాను. దారిలో ఎవరు చదివినా నాకు అభ్యంతరం లేదు. గౌరవ్వకు మాత్రం నువ్వే పైకి చదివి వినిపించు.

మీ అమ్మ,
అనసూయ