మామ అడిగిన మాట

లింగంపేట,
సెప్టెంబరు, 2012

అవ్వా,

నీ బిడ్డ తార నీ కాళ్లకు మొక్కి రాస్తున్నది. ఇన్నేండ్లు అందరం మంచిగున్నమనే రాసుకుంట వచ్చిన. ఈసారి ఆ మాట రాస్తందుకు చెయ్యి వస్తలేదు. నువ్వు ఆ మస్కట్ల యాళ్లకింత తింటున్నవా? ఏడ్చుకుంట కూసోకు అని రాద్దామనుకున్న గని, నేనే ఏడుస్తున్న.

మామ పోయినంక ఫోన్ల నువ్వు నీ తమ్ముని గురించి అడిగినవాటికి సక్కగ జవాబు చెప్పలేకపోయిన. అందుకే రాసి, మళ్ల మస్కట్ పోతున్న మైసన్న చేతికిస్తున్న. నిదానంగ చదివించుకో.

మామకు కామెర్లని మాకు ముందుగాల తెల్వలేదవ్వా. కండ్లు పచ్చగైనా "ఎండల పని, గట్లనే ఉంటది తియ్యి" అని గోడలు కట్టవోయిండు. ఎల్లారెడ్డిల పని మీద కండ్లు తిరిగి పడిపోతె, అక్కడి దవాఖానోళ్లు కామారెడ్డికి తీస్కపొమ్మన్నరు. పక్కింటి హన్మవ్వ బీడీల చాట అట్లనే ఇడిచిపెట్టి నాతోని వచ్చింది. ఒక్కడే ఉన్నడా అని అడిగినవు. లేడవ్వా. మేమిద్దరం మామ పక్కనుంచి కదలలేదు.

బాధ పడ్డడా అంటివి. పడ్డడు. కడుపుల నొచ్చినప్పుడల్ల నా చెయ్యి గట్టిగ పట్టుకునెటోడు, అంతే. అరవలేదు.

నువ్వు మస్కట్ పోయిన కొత్తల నాకు జడలెవరేస్తరని ఏడిస్తె, మామ హన్మవ్వ దగ్గర కూసొని నేర్చుకున్నడు. సిమెంటుకు పగిలిన చేతులాయె, నా ఎంటికలు ఆ పగుళ్లల్ల ఇరికేటియి. "అబ్బా మామా" అంటె, "ఆగు పిల్లా, గోడ అనుకున్న" అని నవ్వెటోడు. ఒక జడ పైకి ఒక జడ కిందికి ఉందని బడిల ఎక్కిరిస్తె ఇంటికొచ్చి మొత్తుకున్న. తెల్లారి టేపు పట్టుకొని నా జడలు కొలిచిండు. ఆ చేతులకే సూదులు గుచ్చుతుంటె నేను సూడలేకపోయిన అవ్వా.

ఇగ నువ్వు మళ్ల మళ్ల అడిగిన మాట. నన్ను యాది చేసిండా అన్నవు. నేను ఏం చెప్పకుంటనే ఫోన్ పెట్టేసిన.

ఆఖరు దినం పొద్దుగాల మామకు తెలివి సక్కగ లేదు. కండ్లు తెరిచి నా దిక్కు సూసి, "అక్కా, వచ్చినవా?" అన్నడు.

నేను తారను మామా అందామనుకున్న. హన్మవ్వ నా భుజం మీద చెయ్యేసి, "వచ్చిన అను బిడ్డా" అన్నది మెల్లగ.

"వచ్చిన తమ్మీ" అన్న.

"తార పెద్దగైంది, సూసినవా?"

"సూసిన. మంచిగ సాదినవు."

"ఇగ పోకు అక్కా."

"పోను తమ్మీ."

మామ మొఖం ఎంత నిమ్మళమైందో! మళ్ల ఏం మాట్లాడలేదు. పగటియాళ్లకు నా చేతులల్లనే పోయిండు.

నువ్వు అనాల్సిన మాటలు నేనన్న. నీకు కోపమొస్తదేమో అని గిన్ని దినాలు చెప్పలేదు. కోపమొస్తె వచ్చి తిట్టు, పడుత.

వీసా ఇంకో రెండేండ్లు పెంచుకుంటనంటున్నవు. ఎప్పుడడిగినా నీ ఇష్టం అవ్వా అనేదాన్ని. ఈసారి అనను. నీ పేరు మీద మామకు మాటిచ్చిన. అది అబద్ధం కానీయకు. వచ్చెయ్యి.

ఇట్లు,
తమ్మీ అని నీ గొంతుతోని పిలిచిన
నీ బిడ్డ,
తార