ఒక్కసారే అడిగే ఇల్లు

ఆదివారం, మార్చి 8

మా బంగారు అమ్మమ్మకి నీ ఫోటినీ ముద్దులు.

ఇక్కడ నేనూ, నాకు ఇంట్లో చోటిచ్చిన హెల్కా, ఎస్కో దంపతులూ, ఎస్కోవాళ్ళమ్మ ఇంపి ముమ్మో (వీళ్ళ భాషలో ముమ్మో అంటే మామ్మ), పంతొమ్మిది ఆవులూ క్షేమం. పోయిన ఉత్తరంలో పద్దెనిమిదని రాశాను. ఆ సంగతికే వస్తున్నా, గబగబా చివరికి పోకు. అక్కడ నువ్వూ, నీ మోకాలూ, కింది ఫ్లాటువాళ్ళతో నీ పోట్లాటా కులాసాయేనని తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలు. చలి సున్నాకి ఇరవై కింద. నువ్వు అల్లిన మేజోళ్ళ మీద ఇంకో జత తొడుగుతున్నాను. ముక్కు ఊడిపోలేదు. పొద్దున్నే పాకలో పని, తర్వాత స్కూలు బస్సు, సాయంత్రం మళ్ళీ పాక. శనివారం ఆవిరి స్నానం, ఉడికిన బంగాళాదుంపలా బయటికొస్తాను. ఇక "తింటున్నావా?" అని మూడుసార్లు రాశావు. ఇప్పుడు తింటున్నాను అమ్మమ్మా. మొదటి నెలన్నరా ఆకలితో మాడాను. నీకు చెప్పలేదు.

వచ్చినరోజే హెల్కా యాలకుల బన్నుల పళ్ళెం ముందుపెట్టి "తింటావా?" అంది. నువ్వు నేర్పిన మర్యాదే చూపించాను. మొదటిసారి వద్దనాలి, రెండోసారీ వద్దనాలి, మూడోసారి బతిమాలితే చెయ్యి చాచాలి, అంతేగా? ఆవిడ తలూపి పళ్ళెం తీసుకెళ్ళిపోయింది! "ఇంకాస్త సూప్ వెయ్యనా?" "వద్దండీ." గిన్నె మాయం. "పాకలోకి వస్తావా?" "పర్లేదు లెండి." తలుపు వేసుకుని వెళ్ళిపోయారు. వీళ్ళకి నేనంటే గిట్టదని తేల్చుకున్నాను. చదువుకని నన్నీ దేశానికి పంపిన సంస్థకి రాసేశాను: "ఈ ఇంట్లో నన్ను పట్టించుకునేవాళ్ళు లేరు, ఇల్లు మార్చండి." గురువారం వస్తామన్నారు. పెట్టె సర్దేసుకున్నాను.

సోమవారం స్కూలుకి సెలవు. హెల్కా, ఎస్కో టౌనుకి వెళ్ళారు. మధ్యాహ్నం ముమ్మో నా గది తలుపు బాదింది. ఆల్మా అనే ఆవు ఈనుతోంది. దూడ ముందుకాళ్ళు బయటికొచ్చి అక్కడే ఆగిపోయాయి. డాక్టరు రావడానికి గంట పడుతుందట. ముమ్మో వేళ్ళా, కీళ్ళవాతంతో వంకర్లు పోయాయి, దూడ కాళ్ళకి కట్టిన తాడు పట్టి లాగలేదు.

"లాగుతావా?" అంది.

"అమ్మో, నాకు రాదండీ" నాలిక చివరిదాకా వచ్చింది. ఈవిడ మళ్ళీ అడగదని చటుక్కున గుర్తొచ్చింది.

"లాగుతా!" అని అరిచాను.

"అరవకు, ఆవు బెదురుతుంది. అది ముక్కినప్పుడే లాగు. ఆగు. ఆగమన్నానా పిల్లా! ఊఁ, ఇప్పుడు, కిందికి!"

చేతులు ఊడొస్తాయనుకున్నాను. ఒక్కసారిగా దూడ నా ఒళ్ళో పడింది, నేను పేడలో పడ్డాను. దానికి ఊపిరి లేదు. "చూస్తావేం? ముక్కు తుడువు, గడ్డితో రుద్దు!" రుద్దాను, రుద్దాను, ఏడుస్తూ రుద్దాను. అది తుమ్మింది! నా మొహం మీదే తుమ్మింది. అంత సంతోషం నాకెప్పుడూ తెలియదు అమ్మమ్మా.

ఇంట్లోకొచ్చాక ముమ్మో కాఫీ పోసి బన్నులు పెట్టింది. "తింటావా?" "తింటాను." నాలుగు తిన్నాను.

"ఇన్నాళ్ళూ వద్దన్నావేం మరి?"

మన మూడుసార్ల లెక్క చెప్పాను. నవ్వీ నవ్వీ పెట్టుడుపళ్ళు సర్దుకుంది. "వద్దన్నదాన్ని బలవంతపెడితే అదేం మర్యాదే? నీ మాట నమ్మాం. అంతే."

సిగ్గుతో చచ్చిపోయాను. వీళ్ళు నన్ను పట్టించుకోలేదని ఏకంగా సంస్థకే రాసేశాను కదా!

గురువారం సంస్థావిడ వచ్చింది. నా ఉత్తరం సంగతి హెల్కాకి ముందే తెలుసట. పొయ్యి వైపు తిరిగి సూప్ కలుపుతోంది. "ఇల్లు మారతావా?" అని సంస్థావిడ నన్నడిగింది. హెల్కా చేతిలో గరిట ఆగిపోయింది.

"వద్దు" అన్నాను.

ఆవిడ ఫైలు మూసేసింది. రెండోసారి అడగలేదు! అమ్మమ్మా, ఈ దేశంలో ఒక్క వద్దు ఎంత పని చేస్తుందో! హెల్కా వెనక్కి తిరిగి, ఏమీ అడక్కుండానే నా గిన్నె నిండా సూప్ పోసింది. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

ఆఖరుగా ఇంకోటి ఒప్పుకోవాలి. ఇక్కడ దూడ పేరు తల్లి పేరులోని మొదటి అక్షరంతో మొదలవ్వాలి. "పేరు నువ్వు పెడతావా?" అన్నాడు ఎస్కో. "పెడతా" అన్నాను. నాకు నాన్నవాళ్ళమ్మ పేరు పెట్టారని, నీ పేరు ఎవరికీ పెట్టలేదని పదహారేళ్ళుగా సాధిస్తున్నావు కదా? ఇప్పుడు పాకలో పలక మీద పెద్ద అక్షరాలతో ఉంది: ఆర్గిరో. పూటకి మూడు లీటర్లు తాగుతుంది, అడ్డొచ్చినవాళ్ళని తలతో కుమ్ముతుంది. అచ్చు నువ్వే.

కోపం వచ్చిందా? ఒక్కసారే అడుగుతున్నాను.

ఇట్లు,
నీ మనవరాలు, ఆర్గిరో మంత్రసాని,
ఫోటినీ